వేలి కింది వాక్యం
పద్నాలుగో వారం

పోయినవారం మీరు నన్ను ప్రెస్సు మెట్ల మీద నిలబెట్టి పత్రిక మడిచేశారు. నేనింకా అక్కడే ఉన్నాను. ఒక చేతిలో ప్రూఫుల కట్ట ఉంది, ఇంకో చెయ్యి గోడకి ఆనించి ఉంది. పైన పబ్లిషర్ గదిలో ఆ నవల రాసినాయన వచ్చి కూర్చున్నాడు. కింద మిషన్లు తిరుగుతున్నాయి, మెట్లు సన్నగా అదురుతున్నాయి. అదిరేది మెట్లే గాని నా కాళ్లు కావని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నేను ప్రూఫ్ రీడర్ని. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇతరుల రాతల్లో తప్పులు వెతికి బతుకుతున్నాను. అది ఉద్యోగం కాదు, నీ బుద్ధే అంత అంటుంది మా అమ్మ. అంతకుముందు ఒక నాటక సమాజంలో ప్రాంప్టర్ని. తెర పక్కన చీకట్లో పుస్తకం పట్టుకుని కూర్చుని, నటుడు మాట మరిచిపోతే మెల్లగా అందించేదాన్ని. నా తమ్ముడు అదే సమాజంలో నటుడు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట ముగిశాక వాడు థియేటర్‌లోంచి బయటికి వెళ్లాడు. సాయంత్రం ఆరింటికి కాలవలో దొరికాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు. కాలు జారిందో, తనే దిగాడో చూసినవాళ్లు లేరు.

ఇన్నేళ్ల తర్వాత, పేరు కూడా వినని ఒక రచయిత నవల ప్రూఫులు నా బల్ల మీదికొచ్చాయి. అందులో ఇరవై ఏడో అధ్యాయంలో, నాకూ పోయిన నా తమ్ముడికీ తప్ప మూడో మనిషికి తెలియని సంగతి అచ్చయి ఉంది. అదెలా వచ్చిందో అడగడానికే పైకి వెళ్తున్నాను. ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని నన్ను నేను తప్ప ఎవరూ అడగలేదు. ఆ రోజు వాణ్ణి చంపింది నేనేనా?

గదిలోకి వెళ్లేముందు ఆ పాత నాటకం సంగతీ, ఈ కొత్త నవల సంగతీ చెప్పితీరాలి. లేకపోతే మేమిద్దరం మాట్లాడుకునేది మీకు తలాతోకా లేకుండా ఉంటుంది.

మా సమాజంలో దాన్ని పెద్దనాటకం అనేవాళ్లం. కొన్ని వందల ఏళ్ల నాటిది. ముసలి రాజుకి ఒక్కడే కొడుకు, వాడు యుద్ధంలో పోతాడు. రాజు కిరీటం తీసి పక్కన పెట్టేసి ముగ్గురి దగ్గరికి వెళ్తాడు. ముందు గురువు దగ్గరికి, తర్వాత కన్నతల్లి దగ్గరికి, చివరికి శ్మశానం కాపలావాడి దగ్గరికి. అందరినీ ఒకటే అడుగుతాడు: "ఇంక నేనెందుకు బతకాలి?" గురువు శాస్త్రాలు వల్లిస్తాడు, తల్లి ఏడుస్తుంది, కాపలావాడు నవ్వుతాడు. ఆఖరి రంగంలో రాజు ఒంటరిగా నిలబడి చాలాసేపు నోరు విప్పడు. ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం అంటాడు: "సరే. తెల్లవారేదాకా ఉంటాను." తెర పడుతుంది. తెల్లవారాక ఏమయ్యాడో నాటకం చెప్పదు. పండితులు దాన్ని విషాదనాటకాల్లో చేర్చారు. ఆ ఒక్క వాక్యం ఉన్నంతకాలం అది విషాదమని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇక నవల. ఇందులో రాజు లేడు, ఒక లిఫ్టు మెకానిక్కు ఉన్నాడు. ఏడేళ్ల కూతురు జ్వరంతో పోయింది. అతనికి రాజులాగా పెద్ద మాటలు రావు. డాక్టరు దగ్గరికి వెళ్లి, "ఈ మాత్రలు ఇంకెన్నాళ్లు వేసుకోవాలండీ?" అంటాడు. తల్లి దగ్గరికి వెళ్లి, "రేపేం వండుతున్నావమ్మా?" అంటాడు. శ్మశానం గేటు దగ్గర నిలబడి, "ఇది ఎన్నింటికి మూస్తారు?" అంటాడు. రెండు వారాలంటాడు డాక్టరు. ఉన్నదేదో వండుతానంటుంది తల్లి. ఏడింటికి అంటాడు కాపలావాడు. రాజు అడిగిన ప్రశ్నే ఇక్కడ లుంగచుట్టుకుని, మామూలు మాటల్లో నక్కి ఉందని ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. అడిగినదానికి అడిగినట్టే జవాబు చెప్పి పంపేస్తారు.

అది చదివినప్పుడు ఎర్రపెన్ను కింద పెట్టేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక రచయిత మీద నాకు గౌరవం కలగడం అదే మొదలు. వెంటనే అసూయ కూడా కలిగింది, అబద్ధమెందుకు.

ప్రూఫులు చూడడంలో నాకొక పద్ధతి ఉంది. సాయంత్రం పూట రాతప్రతి అమ్మ చేతికిస్తాను. ఆవిడ పైకి చదువుతుంది, నేను అచ్చు కాగితం మీద వేలు పెట్టి వెంట నడుస్తాను. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, కళ్లద్దాలకి తోడు భూతద్దం కూడా పట్టుకుంటుంది గాని ఒక్క అక్షరం తప్పనివ్వదు. ఆ మెకానిక్కు తల్లిని వంట గురించి అడిగే చోట అమ్మ గొంతు ఆగిపోయింది. "ఇవాల్టికి చాల్లేవే" అని భూతద్దం బల్ల మీద పెట్టి వెళ్లి పడుకుంది. కళ్లు లాగుతున్నాయి కాబోలనుకున్నాను. మర్నాటినుంచి మిగిలిందంతా నేనొక్కదాన్నే చదువుకున్నాను.

అలా ఒంటరిగా ఇరవై ఏడో అధ్యాయానికి వచ్చాను. కరెంటు పోయి మెకానిక్కే రెండు అంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుంటాడు. లిఫ్టులో ఉన్న ఫోను ఎత్తితే కంట్రోల్ రూంలో మోగుతుంది. అక్కడొక అమ్మాయి కూర్చుని ఉంటుంది. ఇరుక్కుపోయినవాళ్లకి ధైర్యం చెప్పడానికి ఏ మాట తర్వాత ఏ మాట అనాలో రాసిన కాగితం ఆమె ముందుంటుంది. వేలు పెట్టుకుని ఒక్కో వాక్యం అంటూ వస్తుంది. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి అతను మాట్లాడడం మానేస్తాడు. ఏదో ఆలోచనలో ఉన్నాడు, కదిలించకూడదనుకుంటుంది. "ఆమె వేలు ఆ వాక్యం మీదే ఉంది. నోరు మాత్రం తెరవలేదు. అవతల అతను చెవి ఒగ్గి ఉన్నాడని ఆమెకి తెలియదు."

ఆ అమ్మాయిని నేనే.

ఇరవై ఎనిమిదో అధ్యాయం నాకు రాలేదు. అంకె ఒక్కటి అచ్చయి, కింద పేజీ తెల్లగా ఉంది. అదే చివరిదట. సాయంత్రం ఐదింటికల్లా ఇవ్వకపోతే ఈ నెల పుస్తకం రాదని పబ్లిషర్ పొద్దుటినుంచీ చిందులు తొక్కుతున్నాడు.

*

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అమ్ముడుపోక తిరిగొచ్చిన పుస్తకాలు గోడవారన నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి మధ్య కుర్చీలో ఒక బట్టతలాయన, మందపాటి కళ్లద్దాలతో, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని పరీక్ష ఫలితం కోసం వచ్చినవాడిలా కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. యాభై దాటి ఉంటాయి. కడిగిపారేద్దామని వచ్చినదాన్ని, ఆ వాలకం చూసి ఒక్క క్షణం తగ్గాను.

"ప్రూఫుల్లో తప్పులు బాగా ఉన్నాయాండీ?" అన్నాడు.

"కామాలంటే మీకేదో పాత పగ ఉన్నట్టుంది. నాలుగొందలు నేనే పెట్టాను. వాటిని ఉంచుతారో పీకేస్తారో మీ ఇష్టం, నేను పట్టించుకోను. దీన్ని మాత్రం వదలను." ఇరవై ఏడో అధ్యాయం తీసి బల్ల మీద పరిచాను. "ఈ అమ్మాయి ఎవరు?"

"కంట్రోల్ రూంలో పనిచేసే అమ్మాయి."

"అది నాకూ తెలుసు, చదవడం వచ్చు నాకు. వేలు ఎవరిదని అడుగుతున్నా."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నా మొహం వంక చూడలేదు, బల్ల వంక చూశాడు. నేనూ చూశాను. నా కుడిచేతి చూపుడువేలు ఆ వాక్యం కింద ఆనించి ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

"ఇంకా అలాగే పెడుతున్నారు, గుసగుసక్కా," అన్నాడు.

అది సమాజంలో నాకు పెట్టిన పేరు. చీకట్లో కూర్చుని మాటలు ఊదుతానని అందరికీ నేను గుసగుసనే. ఆ మాట ముప్పై ఒక్క ఏళ్లుగా నా చెవిన పడలేదు. ఆ పేరుతో పిలిచేవాళ్లంతా ఎక్కడెక్కడికో చెదిరిపోయారు, కొందరు పోయారు. మా తమ్ముడు మాత్రం చివర్లో అక్క తగిలించేవాడు. అది విని వాడితోపాటు అలా పిలిచినవాడు ఇంకొక్కడే ఉన్నాడు.

"నువ్వు... తాడువా?"

"అప్పుడు తాడంత సన్నగా ఉండేవాణ్ణి గదా. ఇప్పుడు మోకునయ్యాను," అని నవ్వబోయి మానేశాడు.

తాడు. తెర లాగేవాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, రంగానికి అవతలి పక్క నాకు ఎదురుగా తాళ్ల దగ్గర నిలబడేవాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. మా తమ్ముడికి మాత్రం నీడలా ఉండేవాడు. వీడు పుస్తకాలు రాస్తాడని కలలో కూడా అనుకోలేదు. నేను కుర్చీ లాక్కుని కూలబడ్డాను. మీరు గీరు అనే మాటలు ఎక్కడికి పోయాయో పోయాయి.

"నా మొహం నీకు కనబడేది కాదు గదరా. చీకటి గదా అక్కడ."

"మొహం కనబడేది కాదక్కా. మీ చిన్న టార్చీకి గుడ్డ కట్టుకునేవారు గదా. ఆ వెలుగులో పుస్తకమూ, మీ వేలూ కనబడేవి. నాకు తెర ఎప్పుడు దించాలో ఎవరూ నేర్పలేదు. నేనే ఒక గుర్తు పెట్టుకున్నా. మీ వేలు చివరి వాక్యం దాటి కిందికి జారితే తాడు వదలాలి. నలభై రెండు ఆటలు మీ వేలు చూసే తెర దించాను. డైరెక్టరు నాకు టైమింగు తెలుసని మెచ్చుకునేవాడు."

"ఆ రోజు నలభై మూడోది," అన్నాను.

"అవునక్కా."

ప్రాంప్టర్ పుస్తకంలో మాటలతోపాటు మౌనాలు కూడా గుర్తు పెట్టుకోవాలి. చిన్న మౌనానికి పెన్సిల్‌తో ఒక నిలువు గీత, పెద్ద మౌనానికి రెండు. రెండు గీతలున్న చోట ఊపిరి కూడా తీయకూడదు. నటుడు కావాలని ఆగినప్పుడు మాట అందిస్తే అంతకంటే పాపం లేదు మా పనిలో. రాజు చివరి వాక్యానికి ముందు రెండు గీతలున్నాయి. తమ్ముడు అక్కడ ఎప్పుడూ ఆగేవాడు, నేను లోపల ముప్పై దాకా లెక్కపెట్టుకునేదాన్ని. ఆ రోజు ముప్పై దాటింది. నలభై దాటింది. వాడు మెడ కాస్త తిప్పి నేనున్న వైపు చూశాడు. నలభై రెండుసార్లు అన్న వాక్యాన్ని నలభై మూడోసారి ఎవరు మరిచిపోతారు? కొత్తగా ఏదో చేస్తున్నాడనుకున్నాను, ఎంత బాగా చేస్తున్నాడనుకున్నాను. వేలు ఆ వాక్యం మీదే ఉంది. నోరు తెరవలేదు. తెర పడిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెల్లవారేదాకా ఉంటాననే మాట లేకుండానే రాజు వెళ్లిపోయాడు, వాళ్లకి అదే నచ్చింది.

"నా వేలు కదల్లేదురా," అన్నాను. "ఈ మాట ఒట్టేసి చెప్పగలను. కదలకుండానే తెర పడింది. ఎందుకు దించావ్?"

"చెయ్యి వణికిందక్కా మీది. టార్చీ కూడా వణికింది. నేను వేలు జారిందనుకున్నాను. తాడు వదిలేశాక చూస్తే అక్కడే ఉంది." అతను రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. "పైకి లాగేద్దామా అనుకున్నా. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి."

కింద మిషను ఆగింది. ఎవరో కాగితం రీము దించుతున్న చప్పుడు వినిపించింది, మళ్లీ మిషను అందుకుంది. ఇన్నేళ్లూ ఆ వాక్యాన్ని ఆపింది నేనొక్కదాన్నే అనుకుని బతికాను. ఇంకొకడు కూడా అదే బరువు మోశాడని తెలిస్తే తేలికవుతుందనుకుంటారు మీరు. కాలేదు. ఒళ్లు మండిపోయింది.

"అందుకని మా వాడి చావుతో నవల రాసుకున్నావా? నీకు కథ దొరికింది, బాగుంది. లిఫ్టులు పెట్టావ్, ఫోన్లు పెట్టావ్. రేపు ఎవరో సన్మానం చేసి శాలువా కప్పుతారు. నేను మాత్రం ఆ కంట్రోల్ రూంలో కూర్చునే ఉండాలి."

"తిట్టండక్కా. తిట్టించుకోవడానికే వచ్చాను. మీరిక్కడ ప్రూఫులు చూస్తారని తెలిసే ఇక్కడికి పంపాను." తల దించుకునే చెప్పాడు. "ముందు మన నాటకం గురించే రాశాను. నాలుగుసార్లు రాసి చించేశాను. గడ్డం, కిరీటం, తెర, మీరు, నేను అందరమూ వచ్చాం. వాడే రాలేదు. రాజు వేషం వేస్తే వాడు రాజైపోతున్నాడు. మెకానిక్కుని పెట్టాక గాని మీ తమ్ముడు నా కాగితం మీదికి రాలేదు."

"రాజుకీ మెకానిక్కుకీ ఏముందిరా సంబంధం?"

"అడిగేది ఒకటే గదక్కా. రాజు అడిగితే చుట్టూ కాగడాలు, మంత్రులు. అడుగుతున్నాడని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. మనలాంటివాళ్లు అడిగితే అసలు అడిగినట్టే ఉండదు. బస్సు ఎన్నింటికి అన్నట్టు ఉంటుంది. ఆ పాత నాటకం రాసినాయనకి ఈ సంగతి తెలీదు, తెలిసినా రాజుల కోసం రాశాడు కాబట్టి అవసరం లేకపోయింది. నాకది చెప్పింది మీ తమ్ముడే."

"ఎప్పుడు చెప్పాడు?"

"ఆ రోజే. తెర దించాక."

వాడు చివరి గంటలో ఎవరితోనైనా మాట్లాడాడని నాకు ఇన్నేళ్లలో తెలియదు. పోలీసులకి తెలియదు, సమాజంలో ఎవరికీ తెలియదు. నా రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకున్నాయి.

"చెప్పు," అన్నాను. "ఒక్క ముక్క దాచావంటే ఈ ప్రూఫులన్నీ చించి కిటికీలోంచి పారేస్తాను."

"వెనక సందులోకి వచ్చాడు. సగం గడ్డం ఊడదీసుకుని, సగం అలాగే వేలాడుతోంది. నేను ఏడుస్తున్నా. నీ తప్పేం లేదులేరా అని వాడే నన్ను ఓదార్చాడు. ఇద్దరం గోడకి ఆనుకుని టీ తాగాం. మరిచిపోయావా అనడిగా. మరిచిపోలేదన్నాడు." తాడు ఆగాడు.

"ఊ."

"మాట నాలిక మీదే ఉందిరా, అనబుద్ధి కాలేదు అన్నాడు. ఎన్నిసార్లని నాకు నేనే చెప్పుకోను, ఒక్కసారి అక్క అంటే వింటాను, విని అప్పుడంటాను అనుకున్నా అన్నాడు."

ఫ్యాను గాలికి ఇరవై ఏడో అధ్యాయం కాగితాలు లేస్తుంటే తాడు వాటి మీద తన కళ్లజోడు డబ్బా పెట్టాడు. నేను ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండేది. వాడు మరిచిపోయాడని ముప్పై ఒక్క ఏళ్లు బాధపడ్డాను. మరిచిపోవడం చిన్న సంగతి, ఎవరైనా మరిచిపోతారు. వాడు నా నోటినుంచి వినాలనుకున్నాడు. నేను వాడి నటనకి మురిసిపోతూ కూర్చున్నాను.

"కోపంగా ఉన్నాడా నా మీద?" అన్నాను చివరికి. నా గొంతు నాకే గుసగుసలా వినిపించింది.

"లేదక్కా. అక్క పాపం కంగారుపడి ఉంటుంది, వెళ్లి తీసుకొస్తా అన్నాడు. లోపలికి వెళ్లాడు. నన్ను సామాను సర్దమని ముందునుంచి కేకేశారు. తిరిగొచ్చేసరికి సందులో ఎవరూ లేరు." ఇప్పుడు మొదటిసారి సూటిగా నా కళ్లలోకి చూశాడు. "అక్కడినుంచి నాకు సగమే తెలుసు. అందుకే ఇరవై ఎనిమిది రాయలేకపోతున్నా. మీ దగ్గరికి వచ్చాడా వాడు?"

ఇక్కడ ఆగి మీకొక మాట చెప్పాలి. పదమూడు వారాలుగా మీరు నన్ను నమ్మి చదువుతున్నారు. ఉత్తరాలు రాశారు, పాపం ఆ అక్క అన్నారు. తెర పడ్డాక తమ్ముణ్ణి మళ్లీ చూడలేదని మొదటివారమే మీకు చెప్పాను. అది నిజమే, వాడి మొహం చూడలేదు. అంతవరకే చెప్పి మిగిలింది మింగేశాను. పోలీసులకీ అంతే చెప్పాను, అమ్మకీ అంతే.

"వచ్చాడు," అన్నాను.

తాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"తెర పడగానే నాకు తెలిసిపోయిందిరా, వాడు నా వైపు చూసింది నటన కాదని. మొహం చెల్లలేదు. ప్రాంప్టర్ అయ్యుండి మాట ఇవ్వలేదని అందరూ అంటారని సిగ్గు. దుస్తుల పెట్టెలుండే చిన్న గది లేదూ, అందులోకి దూరి గడియ పెట్టుకున్నా. ఏడుస్తున్నా. కాసేపటికి వాడొచ్చి తలుపు కొట్టాడు. అక్కా అన్నాడు. నేను పలకలేదు. మళ్లీ కొట్టాడు. తలుపు కింద సందులోంచి వాడి కాళ్లు కనబడుతున్నాయి, రాజు చెప్పులు విప్పలేదింకా."

"ఏమన్నాడక్కా?"

"అక్కా, ఇంటికెళ్దామా అన్నాడు."

వాడు రోజూ అనే మాటే అది. ఆట అయ్యాక ప్రతిరోజూ అనేవాడు, ఇద్దరం కలిసి బస్సెక్కేవాళ్లం. నలభై రెండుసార్లు అన్నాడు. నలభై మూడోసారి కూడా అదే మాట, అదే గొంతు. అది అడగడమని నాకెలా తెలుస్తుంది? ఎవరో మెకానిక్కు వాళ్లమ్మని వంట గురించి అడిగినట్టు అచ్చులో చదివితే గాని తెలియలేదు. యాభై ఎనిమిదేళ్లొచ్చి, మరొకరి ప్రూఫులు దిద్దుతూ గాని తెలియలేదు.

"మీరేమన్నారు?"

"నువ్వు పో, నేనొస్తా అన్నాను." పళ్లు బిగపట్టాను. "ఏడుపు గొంతు వాడికి తెలియకూడదని కాస్త విసుగ్గా అన్నాను. కాళ్లు కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత వెళ్లిపోయాయి. అడిగినదానికి అడిగినట్టే జవాబు చెప్పి పంపేశాను, నీ డాక్టరులాగా."

తెల్ల కాగితం ఒకటి లాగి అతని ముందుకు తోశాను. నా ఎర్రపెన్ను దాని మీద పెట్టాను.

"రాయి. ఐదు కావొస్తోంది. ఇదే నీ ఇరవై ఎనిమిది. వాడు రెండుసార్లు అడిగాడు. ఒకసారి రంగం మీద, ఒకసారి తలుపు దగ్గర. రెండుసార్లూ వాడి అక్కే చంపింది. లిఫ్టమ్మాయి గిఫ్టమ్మాయి ఏం వద్దు, ప్రాంప్టరనే రాయి. కామాలు నేను పెట్టుకుంటాను."

అతను పెన్ను ముట్టుకోలేదు. లేచి వెళ్లి గది తలుపు దగ్గరగా వేసి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"అది చివరిది కాదక్కా," అన్నాడు.

"అంటే?"

"సగం నాకు తెలుసన్నాను గదా. వాడు పోయిన తర్వాతి వారం మీ ఇంటికొచ్చాను. తెర ముందే దించేసింది నేనేనని మీ కాళ్లమీద పడదామని వచ్చాను. మీరు లేరు. అమ్మగారు ఒక్కరే ఉన్నారు. నేను చెప్పుకుని ఏడిస్తే, ఆవిడ కూడా నాకొకటి చెప్పారు. చెప్పాక నా రెండు చేతులూ పట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. నా కూతురికి మాత్రం తెలియనీకు నాయనా, ఇద్దర్నీ పోగొట్టుకోలేను అన్నారు." కుర్చీ వీపు మీద పట్టు వదిలేశాడు. "ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఒట్టు మీదే ఉన్నా. నవల్లో కూడా ఆవిడ మాట ఒక్కటే, ఆ మెకానిక్కు తల్లి నోట పెట్టాను, అది కూడా ఎవరికీ తెలియకుండా. మీరిలా అంతా నెత్తిన వేసుకుంటుంటే ఇంక నావల్ల కాదు."

"ఏం తెలియకూడదంది?"

అతను తలుపు వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"మీరు పొమ్మన్నారు గదక్కా. మీ మాట విన్నాడు. ఇంటికే వెళ్లాడు. నాలుగున్నరకల్లా చేరాడు. అమ్మగారే తలుపు తీశారు."